పేరెత్తే వంతు

పాట ఇంకా రెండు చరణాలుంది. అది అయిపోతే నేను లేవాలి. లేచి, ముందుకి పోయి, బల్ల పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, పాలించే వాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలి. ఈ ఆదివారం వంతు నాది. రాక రాక ఈ వారమే రావాలా ఈ వంతు. మామూలుగా అయితే ఈ పాట నాకు పొడుగు, మోకాళ్లు పట్టేస్తాయి, ఎప్పుడు ఆపుతారా అని చూస్తాను. ఇవాళ మాత్రం ఇంకో రెండు చరణాలు కలిపి పాడితే బాగుండును, మధ్యాహ్నం దాకా పాడితే బాగుండును, లేదా డోలక్కు తోలు తెగిపోయినా బాగుండును. మంచు ఇంకా విడలేదు, రేకుల అంచు నుంచి బొట్లు పడుతున్నాయి, పాటకి తాళం తప్పి పడుతున్నాయి. ఆడవాళ్ల వైపు చాప మీద, స్తంభానికి ఆనుకుని సోములమ్మ కూర్చుంది, నా ఇంటిది. నోరు కదపటం లేదు. పొద్దున్న అంబలి గిన్నె నా ముందు పెట్టి, పెట్టినట్టు కాదు, పడేసినట్టు, అనేసింది. "ఇదిగో, ముందే సెప్తన్నాను. ఆ దేవీప్రసాద్ పేరు నువ్వు ఎత్తినావంటే నాను ఆమెన్ అనను. మందిరంలో అందరూ అన్నా నాను అనను." నేను అంబలి తాగాను. "ఇనబడిందా? నోట్లో ఏటి, రాయెట్టుకున్నావా?" అంది. వినబడింది. గిన్నె కడిగి బోర్లించి బయటికి వచ్చేశాను. నలభై మాటలకి ఒక మాట జవాబివ్వడం నాకు మొదట్నుంచీ అలవాటు, ఆమెకీ అలవాటే, అయినా ఇవాళ జవాబు కోసం గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

పేరెత్తకుండా దాటేస్తే పోయేది. వేరే సంఘాల్లో అలాగే చేస్తారట, మా దేశాన్ని ఏలే వాళ్లని దీవించు అని ఒక్క మాటతో అందర్నీ ఒకే గంపలో వేసి ఎత్తేస్తారట. ఇక్కడ అది చెల్లదు. మా కొండకి మొదట వాక్యం తెచ్చిన ముసలి పాస్టరు గారు అలా గంపగుత్తగా చేస్తే మా పెద్దలు ఒప్పుకోలేదట, పేరెట్టి పిలవకపోతే కుక్కయినా తిరిగి చూడదు, దేవుడికి మాత్రం ఎవడి కోసమని తెలుస్తుంది అన్నారట. కొండ దేవత ముందు మనిషి పేరూ, వంశం పేరూ, తల్లి పేరూ చెప్పి గింజలు వేసే అలవాటున్న వాళ్లు మరి. అప్పట్నుంచి మా దగ్గర పేరు పేరునా చెయ్యాలి. ఢిల్లీ నుంచి మొదలెట్టి సర్పంచి దాకా మెట్లు దిగినట్టు దిగాలి, ఒక్కో పేరు దగ్గర ఆగాలి, ఆ మనిషికేం కావాలో అడగాలి, యేసు నామంలో అని మూసెయ్యాలి, అప్పుడు అందరూ ఆమెన్ అంటారు, ఆ తర్వాతే ఇంకో పేరు. ఆమెన్ పడకపోతే ప్రార్థన ఆ మెట్టు దగ్గరే నిలిచిపోయినట్టు. ఇంతవరకూ ఏ పేరూ నిలిచిపోలేదు. నచ్చని పేర్లు నేను ఎత్తలేదా, ఎత్తాను. నేను ఓటెయ్యని వాళ్ల పేర్లు ఎత్తాను, పోడు పట్టాలిస్తామని ఇవ్వని వాళ్ల పేర్లు ఎత్తాను, నోరేం అరగలేదు. వాళ్లు దూరం మనుషులు, గోడ మీద అంటించిన కాగితాలు, వానకి తడిసి రాలిపోతే వాటి మీద ఇంకోటి అంటిస్తారు. ఈ దేవీప్రసాద్, మా ఎమ్మెల్యే, అలా కాదు. ఇదే చాప మీద కూర్చుని చోడి ముద్ద తిన్నవాడు, ఇంకొంచెం పులుసు పొయ్యమన్నవాడు.

ఎన్నికలప్పుడు వచ్చాడు. అప్పుడు ఆయన, ఇప్పుడు వాడు, నా నోట్లో ఆ మాట ఎప్పుడు మారిందో నాకే తెలీదు. ముద్ద తిని, చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి ఈ బల్ల మీద పెట్టి, నా ప్రాణం పోయినా ఈ కొండ పోనివ్వను, నేను మీ బిడ్డని అన్నాడు. మొదట చప్పట్లు కొట్టింది సోములమ్మే. గెలిచాక రోడ్డు వేయించాడు, అదీ నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. రోడ్డు లేనప్పుడు నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి కింద టైడా రైలు స్టేషను దాకా మోసేవాళ్లం, దారిలో కనేసిన వాళ్లున్నారు, దారిలో పోయిన వాళ్లున్నారు. ఇప్పుడు ఇంటి ముందుకే జీపు వస్తుంది. ఆ రోడ్డు మీదే కంపెనీ లారీ వచ్చింది, కొండని తొలిచి చూసే మిషను వచ్చింది, దాని వెనక పోలీసులూ వచ్చారు. కొండ మీద ఒక చెరువు కడతారట, కింద ఒకటి కడతారట, కింది నీళ్లు పైకి తోడి మళ్లీ కిందికే వదిలితే కరెంటు వస్తుందట. ఎక్కించిన నీళ్లు దించడానికి కొండ మీంచి పారే మా గెడ్డా, మా కాఫీ చెట్లూ, మిరియాల పాదులూ, మా వాళ్ల సమాధులూ ఎందుకు మునగాలో నాకు చాలాసార్లు చెప్పారు, నాకు ఎక్కలేదు. మిషను దింపిన రోజు దాని ముందు కొబ్బరికాయ కొట్టింది దేవీప్రసాదే. మా భీముడు, నా కొడుకు, ఒక్క మాట అనలేదు, వాడూ నాలాంటి వాడే, నేరుగా పోయి కొలతలు తీసే వాళ్ల మూడు కాళ్ల సామాను భుజానికెత్తుకుని గెడ్డలో పారేశాడు. చాలామందిని పట్టుకెళ్లారు, ఒక్కొక్కర్నీ విడిచిపెట్టారు, వీణ్ణి విడవలేదు. ఇప్పుడు వలిసె పూలు రాలిపోయాయి, కాఫీ పళ్లు ఎర్రబడి నేల మీద పడుతున్నాయి, వాడు విశాఖపట్నం జైల్లో ఉన్నాడు. చూడ్డానికి పోతే ఇనుప వలకి అవతల నిలబడి, "కుక్కకి కూడు ఎడతన్నారా?" అని అడిగాడు. అదే అడిగాడు. పెడుతున్నాం అన్నాను. మిగతాదంతా సోములమ్మ ఒక్కతే మాట్లాడింది, వంకాయ నారు సంగతి కూడా చెప్పింది. టైం అయిపోయిందని వాళ్లు లాగేశాక వలని పట్టుకుని ఇంకా చెప్తూనే ఉంది.

అజయ్ ఫోను తుడుస్తున్నాడు. మా చెల్లెలి మనవడు, దేవీప్రసాద్ పార్టీలో తిరుగుతాడు, మీటింగులకి జనాన్ని జీపులెక్కిస్తాడు. చెడ్డవాడేం కాదు. ఇందాక మందిరం బయట కాఫీ పళ్లు ఆరబోసిన పట్టా దగ్గర నన్ను ఆపి చెవిలో చెప్పాడు. "తాతా, ఇవాళ మంచిగా సెయ్యి. గొంతిప్పి సెయ్యి. నాను ఈడియో తీసి సారుకి పంపుతాను. కొడుకు జైల్లో ఉన్నా ముసిలోడు నాకోసం ప్రార్థన సేత్తన్నాడా అని ఆయన మనసు కరుగుతాది. భీముడు మావ బెయిలు బేగి అయిపోతాది." సోములమ్మకి ఏనుగు చెవులు. "నీ ఫోను నోట్లో బూడిదొయ్యా! దేవుడితో మాట్లాడతంటే మజ్జిలో మీ సారు ఏటిరా ఇనేది?" అంది. "అదేటి అమ్మమ్మా, మీ కోసమే గదా నాను సెప్తన్నాది" అని వాడు నసిగాడు. "మాకోసమైతే ఎల్లి రెండు బుట్టలు పళ్లు కోసెట్టు. పళ్లు రాలిపోతన్నాయి, కోసే సెయ్యి లేదు." వాడు నవ్వబోయి ఆగిపోయాడు. నాకూ ఒక క్షణం నవ్వొచ్చింది, వెంటనే పోయింది. ఎందుకంటే వాడు చెప్పిన దాంట్లో ఆశ ఉంది. నాలుగు మంచి మాటలు, గాలే కదా, నోట్లోంచి పోయేదేముంది, ఆ గాలికి జైలు తలుపు తెరుచుకుంటే తెరుచుకోనీ. మళ్లీ అనిపిస్తుంది, అలా చేస్తే అది దేవీప్రసాద్ కోసం చేసిన ప్రార్థన అవదు, దేవీప్రసాద్‌కి చేసిన ప్రార్థన అవుతుంది, దేవుడు పక్కన నిలబడి వినాలి. భీముడికి ఎవరో ఒకరు ఆ వీడియో చూపిస్తారు. వాడు ఏమీ అనడు. వాడేమీ అనకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ చాలామంది మీద అలా ఏమీ అనకుండా ఉన్నాను.

చివరి చరణం మొదలెట్టారు. ఈ వారం నాకొద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి అని పాట మొదలవక ముందే పాస్టరు గారిని అడిగాను. ప్రేమ్‌కుమార్ గారు చిన్నవాడు, శృంగవరపుకోట వైపు మనిషి, చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని ఉంటాడు. "పెద్దయ్య గారూ, పాలించే వాళ్ల కోసం ప్రార్థించండి అని భక్తుడు రాసిన రోజుల్లో రాజు మంచివాడనుకున్నారా? విశ్వాసుల్ని చంపించినవాడు. అయినా అతని కోసం చెయ్యమన్నారు. మనకి నచ్చినవాడి కోసమే అయితే ఆజ్ఞ ఎందుకండీ, చెప్పకపోయినా చేస్తాం కదా" అన్నాడు. నిజమే. కానీ అప్పట్నుంచి నాకు ఆ రాజు ఉన్న పట్నమే కళ్లకి కడుతోంది. ఆ పట్నంలో కూడా ఒక ఆదివారం ఎవరికో వంతు వచ్చి ఉంటుంది. వాడి కొడుకు ఆ రాజు జైల్లోనే ఉండి ఉంటాడు. వాడు లేచాడా, నోరు పెగిలిందా, ఏమని అడిగాడు, ఆడవాళ్ల వైపు కూర్చున్న వాడి పెళ్లాం ఏం చేసింది, అది ఎవరూ రాయలేదు. చెయ్యమని రాశారు గానీ చేసినవాడి సంగతి రాయలేదు. రాసి ఉంటే నాకు పనికొచ్చేది.

నా భయం ఇంకొకటి ఉంది, అది పాస్టరు గారికి చెప్పలేదు, చెప్తే నవ్వుతాడు. మా అయ్య దిసారి. నక్షత్రాలు చూసి విత్తనాలకి రోజు చెప్పేవాడు, జబ్బు పడ్డవాళ్ల పేరు మీద బియ్యం గింజలు వేసి చూసేవాడు. "కడుపు మండతంటే మనిషి పేరెత్తకురా. ఆ మంట పేరు ఎనకాలే నడిసి పోతాది, ఇల్లు ఎతుక్కుంటాది" అనేవాడు. ఎవరైనా కోపంతో గింజలు వేయించుకోడానికి వస్తే ముందు గెడ్డలో నిలబడి రమ్మనేవాడు, పళ్లు టకటకలాడే దాకా. పేరెత్తి దీవించవచ్చు, పేరెత్తి చంపనూవచ్చు, నోరు ఒకటే, కడుపులో ఉన్నదాన్ని బట్టి అది పోతుంది. ఆ పద్ధతులన్నీ వదిలేసి బాప్తిస్మం తీసుకున్న వాళ్లం, ఆ శక్తులేవీ లేవని నేనే చిన్నవాళ్లకి చెప్పాను. అయినా ఇవాళ అంబలి తాగాక గెడ్డకి పోయి మోకాళ్ల దాకా నీళ్లలో దిగాను. చలి ఎముకలోకి ఎక్కింది. కడుపు దాకా పోలేదు. ఈ కడుపుతో ఆ పేరు ఎత్తి, దేవుడి ఇంట్లో, అందరి చేతా ఆమెన్ అనిపిస్తే అది ఏమవుతుంది, ప్రార్థన అవుతుందా, చిల్లంగి అవుతుందా. రేపు ఘాటీ మలుపులో వాడి కారు లోయలో పడితే అది నా నోరేనా. పడితే, అనుకున్నప్పుడు లోపల ఒకటి వెచ్చగా కదిలింది, దుప్పట్లోకి పిల్లి దూరినట్టు. దాన్ని తోసేశాను. పోలేదు. పాట అయిపోయింది.

లేచాను. మా వైపు స్తంభం పట్టుకుని లేచాను. సోములమ్మ తల తిప్పలేదు. బల్ల దాకా నాలుగు అడుగులే, వేశాను. అజయ్ ఫోను నిలువుగా పట్టుకున్నాడు, మళ్లీ అడ్డంగా తిప్పాడు. కళ్లు మూసుకున్నాను. ఢిల్లీ పెద్దల పేర్లు చెప్పాను, వాళ్ల చుట్టూ నిజం చెప్పే మనుషుల్ని పెట్టమని అడిగాను, యేసు నామంలో అన్నాను, ఆమెన్ పడింది. అందులో సోములమ్మ గొంతు విన్నాను, ఆమె గొంతు నాకు వందమందిలో తెలుస్తుంది. రాష్ట్రాన్ని ఏలే వాళ్ల పేర్లు చెప్పాను, ఆమెన్ పడింది, అందులోనూ ఉంది. ఇంక ఆ మెట్టు. దేవీప్రసాద్ అన్నాను. అనగానే చాపలు కదిలిన చప్పుడు. నాలుక తనంతట తనే మా అయ్య దారిలో పోయింది. "దేవీప్రసాద్. పులి వంశం. బుద్రి కొడుకు" అన్నాను. మందిరంలో ఇలా ఎవరూ చెయ్యరు, నేనూ ఎప్పుడూ చెయ్యలేదు. ఎవరో గొంతు సవరించారు, పాస్టరు గారే అనుకుంటాను.

కానీ బుద్రి పేరు అనేశాను, బుద్రి వచ్చేసింది. అనంతగిరి సంతలో నా పసుపు కుప్ప పక్కనే చీపుర్లు పెట్టుకుని అమ్మేది. మాదీ ఆమె మొగుడిదీ ఒకే వంశం, పులి వంశం, అన్నదమ్ముల వరస, అందుకని నన్ను బావ అనేది. ఒకనాడు వాన దబదబ కురిసింది, ఇద్దరికీ ఒక్కో ఆకుల గొడుగు. వీపు మీద కట్టుకున్న పసి గుంటణ్ణి విప్పి నా గొడుగు కిందకి తోసేసి, తన గొడుగు చీపుర్ల మీద పెట్టింది. "బావా, ఈణ్ణి సూడు. సీపుర్లు తడిస్తే అమ్ముడవ్వవు, ఈడు తడిస్తే ఆరతాడు." సగం తడిసి, సగం ఆరి, నా పంచె గుప్పిట్లో పట్టుకుని ఏడ్చాడు వాడు, ముక్కు కారుతూ. వాడే వీడు. వరసకి నాకు కొడుకు. భీముడికి అన్న. అడవిలో పులి చచ్చిందని తెలిస్తేనే మా వంశం వాళ్లం అయినవాళ్లు పోయినట్టే కుండలు పారేసి తలస్నానం చేసేవాళ్లం, వీడికేమన్నా అయితే నేను స్నానం చెయ్యొద్దా. కడుపు చల్లారలేదు. మంట అలాగే ఉంది, ఇంకా ఎక్కువైంది. పరాయివాడి మీద అంత మండదు. "ప్రభువా, ఈడు మావాడే" అన్నాను. దీవించు అనబోతే ఇనుప వల కనబడింది. శిక్షించు అనబోతే తడి పిల్లాడు కనబడ్డాడు. యేసు నామంలో అని మూసేద్దామంటే ఏం అడిగానని మూసేది. నిలబడిపోయాను. మూయని ప్రార్థనకి ఆమెన్ అనడానికి లేదు, అందరూ కళ్లు మూసుకుని కాచుకుని ఉన్నారు, రేకుల మీంచి బొట్లు పడుతున్నాయి, కింద సొరంగంలోకి గూడ్సు బండి దూరి ఎంతకీ బయటికి రాలేదు. "తాతా, దీవించమను, దీవించమను" అని అజయ్ గొణుగుతున్నాడు.

చాప మీద గాజుల చప్పుడైంది. కళ్లు తెరిచాను. సోములమ్మ లేచి నిలబడింది. ఈ ప్రార్థన ఆడవాళ్లు చెయ్యరు, వద్దని ఎవరూ అనలేదు గానీ చెయ్యరు. కళ్లు కూడా మూసుకోలేదు, పైన రేకుల వైపు చూసి మాట్లాడింది, పక్కింటి వాళ్లతో గోడ మీంచి మాట్లాడినట్టు. "తండ్రీ, మా ముసిలాయనకి మాటలు రావు, నాను సెప్తాను. ఆ గుంటణ్ణి సంపకు. ఆడికీ తల్లుంది. కాళ్లు ఇరగ్గొట్టకు, రోగం ఎట్టకు, పదవి తీసినా తియ్యకపోయినా నీ ఇష్టం. నిద్దరొకటి తీసీ. నా కొడుకు జైల్లో సిమెంటు గచ్చు మీద తొంగున్నన్ని రోజులు ఆడికి పరుపు మీద కునుకు రానీకు. లేచి కూకోనీ. ఈ బల్ల మీద సెయ్యెట్టి ఏటన్నాడో గుర్తు రానీ. గుర్తొచ్చి మా కొండకి నడిసి రానీ, జీపులో కాదు, నడిసి. వస్తే ముద్ద ఎడతాను. పులుసు కూడా పోస్తాను. యేసు నామంలో."

నామం అనేసింది, ప్రార్థన మూసింది, ఆమెన్ పడలేదు. అందరూ పాస్టరు గారి వైపు చూస్తున్నారు. పాస్టరు గారు పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఏదో ఆలోచిస్తున్నాడు, ఇది ఏ రకం ప్రార్థనో ఆయన చదువుకున్న చోట చెప్పినట్టు లేదు. సోములమ్మ ఇంకా నిలబడే ఉంది. కొంగు తల మీంచి జారింది, సవరించుకోలేదు. మా అయ్య ఉంటే ఆమెని గెడ్డలోకి పంపించి ఉండేవాడు. ఆ ఫోను ఇంకా తెరిచే ఉంది, ఇదంతా దాంట్లోకి పోయింది, ఇప్పుడు నేను ఒక్క మాట అంటే నేనూ దాంట్లోకి పోతాను, బెయిలు పోతే పోతుంది, లేదా ఇంకా ఏదో అవుతుంది, అది నాకు తెలీదు. కానీ ఆమె అడిగినదాంట్లో తీసెయ్యాల్సిన మాట ఒక్కటి కూడా నాకు దొరకలేదు. వెతికాను. "ఆమెన్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, అంత గట్టిగా వచ్చింది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి అంది. డోలక్కు వాయించేవాడు అన్నాడు. తర్వాత చాపలన్నీ అన్నాయి, చివర్లో పాస్టరు గారు, మెల్లగా.

అజయ్ నా పక్కకి వచ్చాడు. ముఖం పాలిపోయింది. ఫోను రెండు చేతుల్లో పట్టుకుని, వేలు దాని మీద ఆనీ ఆననట్టు పెట్టి, "తాతా, ఇది... ఇది పంపమంటావా?" అన్నాడు.

"పంపు" అన్నాను.

సర్పంచి పేరు ఇంకా మిగిలే ఉంది. కళ్లు మూసుకున్నాను.